నకారపొల్లు స్పష్టంగా కనపడాలి: కడప రీడింగ్ రూమ్ మానిటర్ల పని డైరీ

శనివారం సాయంత్రం

పని ఏమిటో ముందు రాసుకుంటాను. ఎర్రముక్కపల్లె వైపు మా కాలనీ రీడింగ్ రూమ్‌లో మూడు పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఉన్నాయి. వాటి మీద తెలుగు వికీసోర్స్ (పాత పుస్తకాలను ఎవరైనా చదువుకునేలా నెట్‌లో పెట్టే ఉచిత గ్రంథాలయం) పుస్తకాలు అచ్చుదిద్దే పని నడవాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఈ పాత యంత్రాల మీద ఎక్కదు. అందుకని మూడింటిలోనూ విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేశాను. ఇన్‌స్టాల్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, సాఫీగా అయిపోయింది. తెలుగు టైపు కోసం ఐబస్ అనే ప్రోగ్రామ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాను, నోటో సాన్స్ తెలుగు ఫాంటు వేశాను. చిక్కంతా తెరల దగ్గర వచ్చింది.

వికీసోర్స్‌లో ఒక పేజీని దిద్దడానికి తెరిస్తే ఒక పక్క టైపు చేసే పెట్టె, ఇంకో పక్క పాత పుస్తకం స్కాన్ బొమ్మ వస్తాయి. బొమ్మలో ఉన్నది పెట్టెలో ఉన్నదా లేదా అని అక్షరం అక్షరం పోల్చాలి. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగుకు మారుతుంది, ఇంకొకరు మళ్లీ చూసి సరే అంటే ఆకుపచ్చ అవుతుంది. అంటే తెర వెడల్పుగా ఉండాలి, అక్షరం పదునుగా ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఎంత ఓపిక ఉన్నా పని ముందుకు పోదు.

ఇప్పుడున్న పరిస్థితి ఇది. తలుపు పక్కన, కిటికీ పక్కన ఉన్నవి రెండూ ఒకే మోడల్ 20 అంగుళాల మానిటర్లు, అసలు రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల, అంటే పిక్సెళ్ల లెక్క) 1600×900. గోడవార ఉన్నది 18.5 అంగుళాలది, దానిది 1366×768. మూడూ పాత అనలాగ్ పద్ధతి వీజీఏ కేబుల్ మీదే నడుస్తున్నాయి. కిటికీ పక్కది మొదటి నుంచీ బాగుంది. మిగతా రెండింటిలో 1024×768 దాటి లేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే లిస్టులో అంతకంటే పెద్దది అసలు కనపడదు.

రోజూ వచ్చే రిటైర్డ్ తెలుగు మాస్టారు తలుపు పక్క కంప్యూటర్ దగ్గర కూర్చుంటారు. నిన్న ఆయన అన్న మాట రాసి పెట్టుకుంటాను. "ఏం పాపా, గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో ఆనవాలు పట్టలేకుండా ఉండాను. కండ్లజోడు మార్చుకోవాల్నేమో." కళ్లజోడు మార్చాల్సిన పని లేదు. ఆయన ముందున్న తెర 1024 చుక్కల వరసను 1600 చుక్కల మీదికి సాగదీస్తోంది. అడ్డంగా ఒకటిన్నర రెట్లకు పైగా, నిలువుగా 1.17 రెట్లు. రెండు వైపులా సమానంగా సాగినా కొంత నయం. ఇట్ల ఒక పక్కకే ఎక్కువ సాగితే సున్న కోడిగుడ్డయి కూర్చుంటుంది.

తెలుగుకు ఇది ఎందుకు ఎక్కువ దెబ్బో లెక్క చెప్పుకోవచ్చు. 12 పాయింట్ల అక్షరం మామూలు 96 డీపీఐ (అంగుళానికి 96 పిక్సెళ్లు) తెర మీద 16 పిక్సెళ్ల ఎత్తు చోటులో పడుతుంది. ఆ చోటులోనే తలకట్టు, అక్షరం ఒళ్లు, కింద వత్తు అన్నీ సర్దుకోవాలి. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైన రెండు మూడు పిక్సెళ్ల మెలిక. ద-ధ, ప-ఫ తేడా కింద ఒక చిన్న గీత. ఆ రెండు పిక్సెళ్లు పక్కవాటితో కలిసి బూడిదరంగైపోతే దిద్దేవాళ్లు ఊహించుకోవాల్సిందే. అచ్చుదిద్దడంలో ఊహ పనికిరాదు. అందుకే ఈ పనిని ముందుగా తీసుకుంటున్నాను. మిగతా సాఫ్ట్‌వేర్ హంగులు తర్వాత చూసుకోవచ్చు.

ఆదివారం పొద్దున

ముందు గోడవార ఉన్న 18.5 అంగుళాలది పట్టాను.

కంప్యూటర్‌కు మానిటర్ గురించి ఎలా తెలుస్తుందో తెలుసుకుంటే సగం దారి తెలిసినట్టే. ప్రతి మానిటర్‌లో ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. అందులో 128 బైట్ల సమాచారం: ఎవరు తయారు చేశారు, ఏ మోడల్, ఏ ఏ రిజల్యూషన్లు చూపగలను, నాకు అసలైనది ఏది అని. దాన్ని ఈడీఐడీ అంటారు. తెరల ప్రమాణాలు నిర్ణయించే వీసా (VESA) సంస్థ 1994లో తెచ్చిన పద్ధతి ఇది. పదిహేను పిన్నుల వీజీఏ కనెక్టర్‌లో 12వ పిన్ను, 15వ పిన్ను ఈ మాటామంతీ కోసమే. 9వ పిన్ను మీద కంప్యూటర్ 5 వోల్టులు పంపుతుంది కాబట్టి మానిటర్ స్విచ్ ఆపి ఉన్నా చాలావాటిలో ఆ చిప్ జవాబిస్తుంది. రంగులు వేరే పిన్నుల మీద వెళ్తాయి. కాబట్టి 12, 15 తీగలు లేకపోయినా బొమ్మ వస్తుంది, మానిటర్ ఎవరో మాత్రం కంప్యూటర్‌కు తెలియదు. తెలియనప్పుడు కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) ఎందుకైనా మంచిదని 1024×768 వరకే ఇచ్చి ఊరుకుంటుంది. అది సరైన జాగ్రత్తే.

చూసే విధానం: టెర్మినల్‌లో స్లాష్-సిస్, క్లాస్, డీఆర్‌ఎం దారిలో కార్డ్0-వీజీఏ-1 అనే ఫోల్డర్ ఉంటుంది (కొన్ని యంత్రాల్లో కార్డ్1). అందులో ఈడీఐడీ అనే ఫైలు. దాని సైజు ఎల్‌ఎస్ కమాండ్‌తో చూస్తే ఎప్పుడూ సున్నా అనే కనపడుతుంది, అది నమ్మకూడదు. డబ్ల్యూసీ -సీ తో బైట్లు లెక్కపెట్టించాలి. కిటికీ పక్క యంత్రంలో 128 వచ్చింది. గోడవార దానిలో సున్నా.

గోడవార మానిటర్‌కు ప్లగ్ అందక, సీపీయూ దూరంగా ఉండి, ఎవరో ఒక పొడుగాటి ఎక్స్‌టెన్షన్ కేబుల్ కలిపారు. దాన్ని తీసేసి, కిటికీ పక్క నుంచి తెచ్చిన మంచి కేబుల్ నేరుగా పెట్టాను. లెక్క 128కి మారింది, లిస్టులో 1366×768 వచ్చి కూర్చుంది. ఎక్స్‌టెన్షన్‌లో ఆ రెండు తీగలు లేవన్నమాట. టేబుల్ జరిపి పొట్టి కేబుల్‌తోనే సర్దేశాము. రిజల్యూషన్ చిక్కు ఎవరికి వచ్చినా మొదట కేబుల్ మార్చి చూడమనే చెబుతాను. కమాండ్ల దగ్గరికి ఆ తర్వాతే పోవాలి.

ఇక్కడ ఒక మంచి ప్రశ్న వచ్చింది. డిగ్రీ చదివే తమ్ముడు ఒకడు సాయం చేస్తున్నాడు. లిస్టులో 1366×768తో పాటు 1360×768 కూడా కనపడితే, "రెండూ ఒకటే కదక్కా, ఆరు పిక్సెళ్లకేం పోయింది?" అన్నాడు. రెండూ పెట్టి చూపించాను. దూరం నుంచి తేడా లేదు. దగ్గరికి పోయి టైపు పెట్టెలో ల, ళ, ఠ వరసగా కొట్టి చూస్తే 1360లో అక్కడక్కడా నిలువు పట్టీల్లాగా కొన్ని అక్షరాలు మసకగా, మధ్యలోవి పదునుగా ఉన్నాయి. 1360 చుక్కలను 1366 నిలువు వరసల మీద పరచాలంటే మధ్యలో ఎక్కడో ఒక్కో చుక్క రెండు వరసల మధ్య పడక తప్పదు. ఆ పట్టీలో పడిన వత్తు చదవలేము.

ఈ ఆరు పిక్సెళ్ల గొడవ ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1366 ఎనిమిదితో భాగించబడదు. ఈడీఐడీలో పొట్టిగా రాసే స్టాండర్డ్ టైమింగ్ పద్ధతిలో వెడల్పును ఎనిమిదుల లెక్కన రాస్తారు, అందులో 1366 పట్టదు. టైమింగ్ లెక్కలు వేసే సీవీటీ కమాండ్‌ను 1366 అడిగితే అదీ ఎనిమిదికి సర్ది 1368 ఇస్తుంది. ఇంకో విశేషం: వీసా టేబుల్‌లో 1360×768కీ 1366×768కీ పిక్సెల్ క్లాక్ (చుక్కలు పంపే వేగం) ఒకటే, 85.5 మెగాహెర్ట్జ్. కనపడని విరామంతో కలిపి అడ్డం వరస మొత్తం కూడా ఒకటే, 1792. నిలువు మొత్తంలోనే తేడా: ఒకదానికి 795, ఇంకోదానికి 798. అనలాగ్ కేబుల్ మీద మానిటర్ ఈ మూడు వరసల తేడా చూసి ఏది వచ్చిందో పోల్చుకోవాలి. ఈ సంగతి రేపటి పనికి అక్కరకు రావచ్చు.

1366×768 పెట్టి, మానిటర్ మీద ఆటో బటన్ నొక్కించాను. వీజీఏ మీద ఆటో అడ్జస్ట్ తప్పనిసరి. తెర మీద అంచులు బాగా కనపడే తెల్లటి పేజీ, నిండా అక్షరాలు పెట్టి నొక్కితే సరిగా కుదురుతుంది. ఖాళీ నల్ల తెర మీద నొక్కితే మానిటర్‌కు అంచులు దొరకవు.

సోమవారం రాత్రి

తలుపు పక్క మానిటర్. ఇదే అసలు పని.

దీనికి కేబుల్ మార్చినా లెక్క సున్నాయే. ఇదే కేబుల్ కిటికీ పక్కదానికి పెడితే 128. కంప్యూటర్లు అటూ ఇటూ మార్చినా సున్నా ఈ మానిటర్ వెంటే వస్తోంది. పిన్నులు వంగలేదు, విరగలేదు. లోపల ఈడీఐడీ చిప్ మూగబోయింది, ప్యానెల్ మాత్రం నిక్షేపంగా ఉంది. ఇలాంటిదాన్ని పడేయాల్సిన అవసరం లేదు. మానిటర్ చెప్పలేనిది మనం చెబితే సరిపోతుంది.

తెర మీద బొమ్మ వేసే ప్రోగ్రామ్ పేరు ఎక్స్ సర్వర్. దానికి చెప్పడానికి ఎక్స్‌ర్యాండర్ అనే కమాండ్ ఉంది. కొత్త మోడ్ చేర్చడం, ఒక పోర్టుకు దాన్ని తగిలించడం, తెరను అందులోకి మార్చడం అన్నీ దానితోనే. (కమాండ్లు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే కొట్టాలి. డైరీలో పలికే తీరుగా రాస్తున్నాను.) ముందుగా సీవీటీ 1600 900 60 అని అడిగితే ఇచ్చిన వరస ఇది:

118.25 1600 1696 1856 2112 900 903 908 934 -హెచ్‌సింక్ +వీసింక్

మొదటి అంకె పిక్సెల్ క్లాక్, మెగాహెర్ట్జ్‌లో. తర్వాతి నాలుగూ అడ్డం లెక్క: కనపడే చుక్కలు, సింక్ (కొత్త వరస మొదలవుతోందని మానిటర్‌కు చెప్పే సంకేతం) మొదలు, సింక్ ముగింపు, మొత్తం. ఆ తర్వాతి నాలుగూ నిలువుకు అదే లెక్క. కనపడేది 1600 అయినా ప్రతి వరసకూ 2112 చుక్కల కాలం పడుతుంది. మిగిలిన కాలం పాత సీఆర్‌టీ తెరల్లో ఎలక్ట్రాన్ల కిరణం వెనక్కి తిరిగి రావడానికి వదిలిన విరామం. ఎల్‌సీడీకి అంత విరామం అక్కర్లేదు, అలవాటు మిగిలింది.

మోడ్ మార్చే ముందు ఒక జాగ్రత్త తీసుకున్నాను. కొత్త మోడ్ కమాండ్ పక్కనే స్లీప్ 15, ఆ పక్కనే పాత 1024×768కి తిరిగొచ్చే కమాండ్ సెమీకోలన్లతో కలిపి ఒకే వరసగా కొట్టాను. తెర నల్లగా పోయినా పదిహేను సెకన్లలో అదే వెనక్కి వస్తుంది, కుర్చీలో కూర్చున్నవాళ్లకు టెన్షన్ ఉండదు. ఎల్‌సీడీ అయితే పట్టని సిగ్నల్‌కు అవుట్ ఆఫ్ రేంజ్ అని చెప్పి ఊరుకుంటుంది. పాత సీఆర్‌టీ మానిటర్ ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే వాటి మీద ఇలాంటి ప్రయోగాలు చేయొద్దు, కొన్ని పాడైపోతాయి.

తెర నల్లగా పోలేదు. 1600×900 వచ్చింది, టాస్క్‌బార్ నిండా పరుచుకుంది. అయినా అక్షరాలు మసకే. 1024లో ఉన్నంత మసక కాదు. నిన్న 1360లో చూసినట్టు పట్టీలు పట్టీలుగా. ఆటో నొక్కినా మారలేదు. మానిటర్ మెనూ తెరిచి ఇన్ఫర్మేషన్ పేజీ చూస్తే, వస్తున్న సిగ్నల్ 1440×900 అని రాసి ఉంది.

కంప్యూటర్ 1600 పంపుతుంటే మానిటర్ 1440 అని ఎందుకు అనుకుంటోంది? కాగితం మీద లెక్క వేశాను. సీవీటీ ప్రకారం 1440×900 మోడ్‌కు పిక్సెల్ క్లాక్ 106.5, వరస మొత్తం 1904. భాగిస్తే సెకనుకు 55,935 వరసలు. 1600×900కి 118.25ను 2112తో భాగిస్తే 55,990. తేడా వెయ్యిలో ఒక వంతు. నిలువు మొత్తం రెండింటికీ 934. సింక్ గుర్తులు రెండింటికీ ఒకటే, అడ్డానికి మైనస్, నిలువుకు ప్లస్. వీజీఏ తీగలో చుక్కలు వేరువేరుగా రావు. రంగు ఏకధాటిగా మారుతూ వచ్చే వోల్టేజీ ఒక్కటే ఉంటుంది. ఒక వరసలో ఎన్ని చుక్కలు ఉన్నాయో మానిటర్ సింక్ వేగాన్ని బట్టి పోల్చుకోవాలి. ఈ రెండు మోడ్‌లూ దాని కంటికి ఒకే మనిషి. 1440 అనుకుని ప్రతి వరసనూ 1440 చోట్ల కొలిచి, మళ్లీ దాన్నే 1600కి సాగదీస్తోంది. సీవీటీ లెక్కలో తప్పు లేదు, మానిటర్ ఊహలోనూ తప్పు లేదు. ఇద్దరి మధ్య పేరు చెప్పుకునే దారి తెగిపోయింది, అంతే.

మరి కిటికీ పక్కనున్న కవల మానిటర్‌కు ఇదే బాధ ఎందుకు లేదు? ఆ కంప్యూటర్‌లో ఎక్స్‌ర్యాండర్ --వెర్బోస్ కొట్టి చూశాను. దాని 1600×900 వరస పూర్తిగా వేరు:

108.00 1600 1624 1704 1800 900 901 904 1000 +హెచ్‌సింక్ +వీసింక్

ఇది వీసా టేబుల్‌లో ఉన్న స్టాండర్డ్ మోడ్. 1800ని 1000తో, మళ్లీ 60తో గుణిస్తే సరిగ్గా 10,80,00,000. వరసల వేగం సెకనుకు 60,000. నిలువు మొత్తం 1000, సింక్ రెండూ ప్లస్. 1440తో కలిసిపోయే ఆస్కారమే లేదు. ఈ అంకెలనే తలుపు పక్కదానికి ఇచ్చాను:

ఎక్స్‌ర్యాండర్ --న్యూమోడ్ "1600ఇంటూ900డీ" 108.00 1600 1624 1704 1800 900 901 904 1000 +హెచ్‌సింక్ +వీసింక్
ఎక్స్‌ర్యాండర్ --యాడ్‌మోడ్ వీజీఏ-1 "1600ఇంటూ900డీ"
ఎక్స్‌ర్యాండర్ --అవుట్‌పుట్ వీజీఏ-1 --మోడ్ "1600ఇంటూ900డీ"

మెనూలో 1600×900 అని వచ్చింది. ఆటో నొక్కగానే అక్షరాలు ఒక్కసారిగా కుదురుకున్నాయి. స్త్రీ అని కొట్టి చూశాను. తవత్తు, రవత్తు, పైన దీర్ఘం దేనికది విడిగా నిలబడ్డాయి. చాలా సంతోషం వేసింది.

నెట్‌లో దొరికే సలహాలన్నీ సీవీటీ కొట్టు, వచ్చింది అంటించు అనే చెబుతాయి. డిజిటల్ కేబుల్ మీద అది బాగానే పనిచేస్తుంది. వీజీఏ మీద మాత్రం పని అయ్యాక మానిటర్ మెనూలో ఏ సైజు రాసి ఉందో తప్పకుండా చూడాలి. డెస్క్‌టాప్ సెట్టింగ్స్ చెప్పేది కంప్యూటర్ పంపింది. మానిటర్ మెనూ చెప్పేది అందుకున్నది. రెండూ ఒకటైతేనే పని అయినట్టు.

మంగళవారం

రీస్టార్ట్ చేస్తే మళ్లీ 1024. ఎక్స్‌ర్యాండర్‌తో ఇచ్చినవి ఆ సెషన్ వరకే. ఇది ముందే తెలిసిందే. హోమ్ ఫోల్డర్‌లో డాట్-ఎక్స్‌ప్రొఫైల్ అనే ఫైలులో ఆ మూడు వరసలూ రాస్తే లాగిన్ అయినప్పుడల్లా వాటంతటవే నడుస్తాయి. కానీ లాగిన్ తెర అప్పటికే సాగిపోయి వస్తుంది. పైగా ఇక్కడ యూజర్లు చాలామంది, ఒక్కొక్కరి ఫోల్డర్‌లో పెట్టుకుంటూ పోలేము.

రెండో దారి, ఈటీసీ కింద ఎక్స్11 ఫోల్డర్‌లో ఎక్స్‌ఆర్గ్ డాట్ కాన్ఫ్ డాట్ డీ లోపల మానిటర్ సెక్షన్ రాయడం. ఐడెంటిఫయర్ దగ్గర వీజీఏ-1, కింద మోడ్‌లైన్, ప్రిఫర్డ్‌మోడ్ ఆప్షన్, మానిటర్ మాన్యువల్‌లో ఉన్న అడ్డం, నిలువు సింక్ పరిధులు. ఇది లాగిన్ తెరకూ వర్తిస్తుంది. కవల మానిటర్ లేనివాళ్లకు ఇదే మంచి దారి.

నాకు కవల ఉంది కాబట్టి మూడో దారి పట్టాను. కిటికీ పక్క మానిటర్ ఈడీఐడీని ఫైలుగా కాపీ చేసుకుని, తలుపు పక్క కంప్యూటర్‌కు ఇచ్చి, నీ మానిటర్ చెప్పిన సమాచారం ఇదే అనుకో అని కెర్నెల్‌కు చెప్పడం. పని ఇలా నడిచింది. సిస్ దారిలోని ఈడీఐడీ ఫైలును క్యాట్‌తో పెన్‌డ్రైవ్‌లోకి. అక్కడి నుంచి తలుపు పక్క యంత్రంలో లిబ్, ఫర్మ్‌వేర్, ఈడీఐడీ ఫోల్డర్‌లోకి, కవల డాట్ బిన్ లాంటి పేరుతో, పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే. కంప్యూటర్ లేచేటప్పుడు లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రామ్ డిఫాల్ట్ ఫైలులో కెర్నెల్ వరసకు డీఆర్‌ఎం డాట్ ఈడీఐడీ అండర్‌స్కోర్ ఫర్మ్‌వేర్ ఈక్వల్స్ వీజీఏ-1 కోలన్ ఈడీఐడీ స్లాష్ ఆ ఫైలు పేరు. తర్వాత అప్‌డేట్-గ్రబ్.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గ్రాఫిక్స్ డ్రైవర్ హార్డ్‌డిస్క్ మౌంట్ కాకముందే లేచే యంత్రాల్లో ఆ ఫైలు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (లేచేటప్పుడు కెర్నెల్ ముందుగా వాడుకునే చిన్న ఫైళ్ల మూట) లోపల కూడా ఉండాలి, లేకపోతే డ్రైవర్ వెతికే సమయానికి దొరకదు. అందుకు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ హుక్స్ ఫోల్డర్‌లో ఫైలును లోపలికి కాపీ చేసే చిన్న స్క్రిప్టు పెట్టి, దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ నడిపాను.

రీస్టార్ట్ అయ్యాక కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో బయటి ఈడీఐడీ తీసుకున్నానన్న వరస కనపడింది. బైట్ల లెక్క 128. లాగిన్ తెర, డెస్క్‌టాప్, కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నల్ల కన్సోల్ మూడూ 1600×900. ఎక్స్‌ప్రొఫైల్ వరసలు తీసేశాను. ఒకే పనికి రెండు చోట్ల ఆజ్ఞలు ఉంటే రేపు ఇంకొకరు వచ్చి వెతకడం కష్టం.

కరెంటు పరీక్ష కూడా చేశాను. మన దగ్గర ఎండాకాలంలో కరెంటు పోయి రావడం మామూలే. సీపీయూ యూపీఎస్ మీద ఉంది, మానిటర్ లేదు. మానిటర్ ప్లగ్ తీసి, కాసేపాగి పెట్టాను. అదే రిజల్యూషన్‌లో తిరిగొచ్చింది. మానిటర్ ఆపి ఉంచి కంప్యూటర్ స్టార్ట్ చేసి, తర్వాత మానిటర్ వేసినా సరిగ్గానే ఉంది.

తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌కు వీజీఏ పోర్టు ఉంది, అందులో ఉబుంటు. ఈ మానిటర్ తగిలించి నిన్నటి ఎక్స్‌ర్యాండర్ వరసలు కొట్టాడు, పనిచేయలేదు. ఉబుంటు 21.04 నుంచి మామూలుగా, ఎక్స్ సర్వర్ బదులు వచ్చిన వేలాండ్ సెషన్‌లో తెరుచుకుంటుంది. అక్కడ తెరల పెత్తనం ఎక్స్ సర్వర్‌ది కాదు, కొత్త మోడ్ చేర్చే ఎక్స్‌ర్యాండర్ ఆప్షన్లు చెల్లవు. 25.10కి ముందు ఉబుంటుల్లో అయితే లాగిన్ దగ్గర గేర్ గుర్తు నొక్కి ఎక్స్‌ఆర్గ్ (ఎక్స్ సర్వర్) సెషన్ ఎంచుకోవాలి, లేదా కెర్నెల్‌కే ఈడీఐడీ ఇవ్వాలి. కెర్నెల్ దగ్గర చెప్పింది రెండింటికీ చెల్లుతుంది. ఈ దారి ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

గురువారం

మాస్టారు వచ్చి కూర్చున్నారు. బొమ్మ ఒక పక్క, పాఠం ఒక పక్క, రెండూ నిండుగా కనపడుతున్నాయి. కాసేపు చూసి అన్నారు: "అచ్చరాలు సూదిమొనల్లా ఉండాయి పాపా. కానీ రవ్వంత చిన్నవైనాయే."

ఇది న్యాయమైన మాట. 20 అంగుళాల తెర మీద 1600×900 అంటే అంగుళానికి 92 పిక్సెళ్లు దగ్గర దగ్గర. సాగదీసిన 1024లో అక్షరాలు లావుగా ఉండేవి, ఆ లావు అలవాటైంది. ఇలాంటప్పుడు చాలాచోట్ల, ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో చేసేది రిజల్యూషన్ తగ్గించేయడం. అది చేయొద్దని గట్టిగా చెబుతాను. రిజల్యూషన్ తగ్గిస్తే అక్షరం పెద్దదవుతుంది, మసకవుతుంది. రిజల్యూషన్ అలాగే ఉంచి అక్షరాన్నే పెద్దది చేస్తే ఒక్కో అక్షరానికి ఎక్కువ పిక్సెళ్లు దొరుకుతాయి, ఇంకా పదునుగా వస్తుంది. పెద్దవాళ్ల కళ్లకు కావాల్సింది రెండోది.

ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగ్స్‌లో అపియరెన్స్, ఫాంట్స్ ట్యాబ్‌లో కస్టమ్ డీపీఐ అని ఉంటుంది. 96 నుంచి 120కి పెంచాను. అప్పుడు 12 పాయింట్ల అక్షరం 16 పిక్సెళ్ల బదులు 20 పిక్సెళ్లలో పరుచుకుంటుంది. అదే పేజీలో హింటింగ్ (అక్షరం గీతలను పిక్సెళ్లకు సర్దడం) స్లైట్, సబ్‌పిక్సెల్ (పిక్సెల్‌లోని రంగుల ముక్కల వరస) ఆర్జీబీ పెట్టాను. హింటింగ్ ఫుల్‌లో పెడితే తెలుగు గుండ్రాలు కొన్ని చోట్ల నలిగినట్టు అనిపించాయి. బ్రౌజర్‌లో వికీసోర్స్ వరకు కంట్రోల్, ప్లస్ నొక్కి ఇంకొంచెం పెంచుకోవడం ఆయనకు చూపించాను, తనే నొక్కుకుంటున్నారు.

తర్వాత ఒక పాత వ్యాసాల పుస్తకంలో పేజీ తీశారు. స్కాన్ బొమ్మను చదివి అక్షరాలుగా మార్చే ఓసీఆర్ 'ధనము'ను 'దనము' చేసిన చోట, 'వాఁడు'లో అరసున్న ఎగరగొట్టిన చోట, పదం చివర నకారపొల్లు నకారమైన చోట వేలు పెట్టి చూపిస్తూ దిద్దుకుంటూ పోయారు. పోయిన వారం ఇదే కుర్చీలో ఇవన్నీ కనపడక వదిలేసినవే. "కండ్లజోడు సంగతి ఇంక వద్దులే" అన్నారు. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తెలుగు ప్రతులు సరిచూయించిన ఊరు ఇది. ఆ పని ఇక్కడ తెర మీద సాగుతుంటే, తెర సరిగ్గా పెట్టడం కూడా ఆ పనిలో భాగమేనని నాకు అనిపిస్తుంది.

ఆదివారం

నేర్చుకునేవాళ్లు ఎక్కువైతే చూపించడానికి గోడ మీద ఒక 32 అంగుళాల టీవీ ఉంది. కిటికీ పక్క కంప్యూటర్‌కు హెచ్‌డీఎంఐ-1లో తగిలించాను. 1920×1080 వెంటనే వచ్చింది కానీ నాలుగు అంచులూ కోసేసినట్టు టాస్క్‌బార్ సగమే కనపడింది. ఇది ఓవర్‌స్కాన్, అంటే టీవీ బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కోసేయడం. దీన్ని కంప్యూటర్ వైపు నుంచి సరిచేయాలని చూస్తే మళ్లీ సాగదీతే మిగులుతుంది. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు దగ్గర స్క్రీన్ ఫిట్ పెడితే పోయింది. కొన్ని టీవీల్లో దాన్నే జస్ట్ స్కాన్ అంటారు. నలుపు బూడిదగా, తెలుపు వెలిసినట్టుగా ఉంటే ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ఎక్స్‌ర్యాండర్ --సెట్‌తో బ్రాడ్‌కాస్ట్ ఆర్జీబీ అనే గుణాన్ని ఫుల్‌కు మార్చాలి. ఆటోమేటిక్‌లో ఉంటే టీవీ మోడ్‌లకు రంగుల పరిధిని కుదిస్తుంది. అది కూడా మార్చాను, స్కాన్ బొమ్మల్లో వెలిసిన సిరా ఇప్పుడు తేలిగ్గా తెలుస్తోంది.

ఈ టీవీ ప్యానెల్ నిజానికి 1366×768. 1080 సిగ్నల్ తీసుకుని తనే కుదించుకుంటుంది. వెనక నుంచి చూసేవాళ్లకు పర్వాలేదు, దీని ముందు కూర్చుని ఎవరూ దిద్దకూడదని చెప్పి పెట్టాను.

ప్రతి మానిటర్ వెనక ఒక స్టిక్కర్ అంటించాను. అసలు రిజల్యూషన్, పిక్సెల్ క్లాక్, ఈడీఐడీ ఉందా లేదా. తలుపు పక్కదాని మీద మాత్రం గ్రబ్ ఫైలులో ఏం రాశానో, హుక్ స్క్రిప్టు ఎక్కడుందో కూడా రాశాను. రేపు ఎవరైనా లినక్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే కవల ఫైలు పోతుంది కాబట్టి దాని కాపీ రీడింగ్ రూమ్ బీరువాలో పెన్‌డ్రైవ్‌లో ఉంది.

మిగిలిన పని: ఒకరు ఇస్తామన్న 17 అంగుళాల చదరపు మానిటర్ వస్తోంది. దాని అసలు రిజల్యూషన్ 1280×1024, నిష్పత్తి 5:4. రెండు కాలమ్‌లకు వెడల్పు చాలదు కాబట్టి వికీసోర్స్‌లో బొమ్మ పైన, పాఠం కింద వచ్చే అమరిక పెట్టి చూడాలి. వచ్చేలోపు 12, 15 తీగలు ఉన్న పొట్టి వీజీఏ కేబుల్ ఒకటి కొనాలి. షాపులోనే మల్టీమీటర్‌తో ఆ రెండు పిన్నులూ ఇటు నుంచి అటు కలుస్తున్నాయో లేదో చూసి తెస్తానని తమ్ముడు అన్నాడు.